ఆ గోడలకు సున్నం వేయకండి

గుడికి జీర్ణోద్ధరణ అనగానే ఊరంతా కదులుతుంది. చందాలు పోగవుతాయి. హైదరాబాదులో, దుబాయిలో, డాలస్‌లో ఉన్న పిల్లలు డబ్బు పంపుతారు. గోపురానికి కొత్త రంగులు, గర్భగుడి ముందు కొత్త గ్రానైటు, మండపానికి కొత్త గ్రిల్లు. అదే ఊపులో స్తంభం మీద వందల ఏళ్లుగా నిలిచిన అక్షరాల మీద ఆయిల్ పెయింటు పడుతుంది. కొన్నిచోట్ల ఇసుక పిచికారీకి అవి అరిగిపోతాయి, కొన్నిచోట్ల పలకరాయి వెనక శాశ్వతంగా మూతపడతాయి. పాపమని తెలిసి ఎవరూ చేయరు, భక్తితోనే చేస్తారు. కానీ ఆ రాతిమీద ఉన్నది ఆ గుడి తన గురించి తాను రాయించుకున్న మాట. దాన్ని చెరిపేశాక మనకు మిగిలేది స్థలపురాణం ఒక్కటే. స్థలపురాణం అంటే నాకు గౌరవమే. ఊరికి దాని తీపి ఉండాలి. అయితే భూమి ఎవరిచ్చారో, చెరువు ఎవరు తవ్వించారో, గడప బయట ఎవరిని నిలబెట్టారో అది చెప్పదు.

అందుకే ధర్మకర్తలారా, అర్చకస్వాములారా, ఈవో గార్లారా, భక్తులారా, మీ గుడి చరిత్రను తెరవండి. నచ్చిన ముక్క ఒక్కటే కాదు, మొత్తం తెరవండి.

ఇది మనవల్ల అయ్యే పనేనా అనకండి. తిరుమలలో అయింది. 1930లలో దేవస్థానమే పూనుకుని, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల చేత గోడల మీది వెయ్యికి పైగా శాసనాలను చదివించి, సంపుటాలుగా అచ్చువేయించింది. అప్పటికి అక్కడ తగాదాలు లేకపోలేదు. 1843లో ఈస్టిండియా కంపెనీ గుడి పెత్తనాన్ని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది, 1933లో చట్టం ద్వారా దేవస్థానం కమిటీ వచ్చేదాకా వారి పాలనే సాగింది. ఆ పెత్తనం చేతులు మారుతున్న రోజుల్లోనే ఈ శాసనాల పని జరిగింది. తెరిస్తే ఏం బయటపడుతుందోనని వెనక్కి తగ్గి ఉంటే ఈరోజు మనకు ఏమీ తెలిసేది కాదు.

ఏం తెలిసింది? ఏకాంతసేవ అందుకునే వెండి భోగశ్రీనివాస మూర్తిని ఇచ్చింది సామవై అనే పల్లవ రాణి అని తెలిసింది. కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 దాకా ఏడుసార్లు కొండెక్కాడని తెలిసింది. అంతకన్నా గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. విజయనగర కాలంలో భక్తులు ఇచ్చిన సొమ్ము కొండమీద ఊరికే పడి ఉండలేదు. దేవస్థానం దాన్ని తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టింది. నీళ్లతో పంట పెరిగింది, పెరిగిన పంటతో దాత కోరిన నైవేద్యం ఏటేటా సాగింది, ఆ ప్రసాదంలో నాలుగోవంతు దాతకు దక్కింది. ఒక గుడి ఒక ప్రాంతానికి నీళ్లిచ్చిన కథ అది. రాయలసీమ కరువు గురించి మాట్లాడే ప్రతివాడూ చదవాల్సిన కథ. ఏ స్థలపురాణంలోనూ అది లేదు, గోడమీదే ఉంది. అదే గోడ ఇంకో మాట కూడా చెబుతుంది: అక్కడి శాసనాల్లో ఎక్కువ భాగం తమిళం. మన గుడి మనదే అని గుండెలు చరుచుకునేవారికి ఈ మాట కొంచెం గుచ్చుకోవచ్చు. గుచ్చుకోనివ్వండి. దేవుడి దగ్గరికి ఎన్ని భాషలవాళ్లు నడిచి వచ్చారో అది చెబుతోంది. అందులో మనకు తగ్గిందేమీ లేదు.

అదే తిరుమలలో, అన్నమయ్య ఇంటివారైన తాళ్లపాక వారి పాటల రాగిరేకుల సంగతి చూడండి. 1816లో క్యాంప్‌బెల్ దొర తన తెలుగు వ్యాకరణం పీఠికలోనే వాటి గురించి రాశాడు. మనిషిని పంపి చూపించాడు, ఒక లక్షణ గ్రంథం తప్ప మిగతావన్నీ స్తోత్రాలే అని వదిలేశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు అవి చీకటి అరలోనే ఉన్నాయి. 1920లలో వెలుగులోకి తెచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించి ప్రకటిస్తే అన్నమయ్య మళ్లీ మనవాడయ్యాడు. ఈనాడు పసిపిల్లలు కూడా పాడే పాటలు అవి. తలుపు మూసి ఉన్న ఆ వందేళ్లలో ఎన్ని తరాలు ఆ పాటలు వినకుండానే వెళ్లిపోయాయో ఒక్కసారి తలుచుకోండి. మీ గుడి బీరువాలో, మీ ఊరి పాత కరణాల ఇంటి అటకమీద ఏముందో ఇప్పటిదాకా ఎవరైనా చూశారా?

ఇక కష్టమైన చోటికి వస్తాను. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడిలో వందల శాసనాలున్నాయి, వాటిని 1923లోనే ప్రభుత్వం అచ్చువేసింది. వాటి ప్రకారం, అఖండదీపం కోసం దాత పశువులను అప్పగిస్తే, వాటిని అందుకున్న బోయలు రోజూ మానెడు నెయ్యి పోయాలి. ఆ బోయల పేర్లు కూడా రాతిమీద ఉన్నాయి. రాజుతో సమానంగా పశువులు కాచే బోయవాడి పేరు నిలిచిన గోడ అది. అక్కడే సానులూ కనిపిస్తారు. గుడి కొలువులో పాటకూ ఆటకూ ఉన్న స్త్రీలు వాళ్లు. దీపాలకు దానాలిచ్చిన దాతలు కూడా. తర్వాతి శతాబ్దాల్లో వాళ్ల బతుకు ఏమైందో అందరికీ తెలుసు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ పద్ధతిని నిషేధించింది, అదే ఏడు దళితుల ఆలయ ప్రవేశ చట్టమూ తెచ్చింది. అంటే అప్పటిదాకా ఒకరిని గుడికి అంకితం చేశాం, ఇంకొకరిని గుడి మెట్టెక్కనివ్వలేదు. ఈ రెండూ మన ఆలయాల చరిత్రలో భాగాలే. గుడి పంచిన కరపత్రంలో ఈ రెంటిలో ఒక్కటైనా ఎప్పుడైనా చదివారా? నేను చదవలేదు.

చదవాలి. ఆ స్త్రీల మనవరాళ్లు, ఆ గడప బయట నిలబడ్డవారి మనవలు ఇవాళ అదే క్యూలో మన పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ల పెద్దల పేరు, వాళ్ల పెద్దల బాధ గుడి చరిత్రలో ఉండాలని అడిగే హక్కు వాళ్లకుంది. ఆ హక్కును ముందుగా ఒప్పుకోవాల్సినవాళ్లం మిగతా మనమే.

"పాత సంగతులు కెలికితే గొడవలొస్తాయి" అని పెద్దమనుషులు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, మన గుళ్ల పక్కనే వేరే మతాల ఆనవాళ్లూ ఉన్నాయి మరి. విజయనగరం దగ్గర రామతీర్థంలో రాములవారి గుడి ఉన్నచోటే గురుభక్తకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఉండవల్లి గుహలో అనంతపద్మనాభస్వామి పడుకున్న కొండలోనే బౌద్ధుల ఆనవాళ్లున్నాయి. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన జైన శాసనంలో మన భాషలోని తొలి కందపద్యాలు దొరికాయి. వేములవాడ రాజన్న గుడి ఆవరణలో దర్గా ఉంది, మొక్కులు అక్కడా చెల్లుతాయి. వీటిని దాస్తే గొడవలు ఆగవు. దాచినచోట పుకారు మొలుస్తుంది, పుకారుకు తేదీ ఉండదు, సాక్ష్యం ఉండదు, ఎవరికి కావాలంటే వారు దాన్ని కత్తి చేసుకుంటారు. రాతిమీది మాటకు శక సంవత్సరం ఉంటుంది, రాయించినవాడి పేరు ఉంటుంది. నలుగురిలో చదివితే అబద్ధం చెప్పేవాడి నోరే ముందు మూతపడుతుంది.

ఇందులో డబ్బూ ఉంది. గుడి భూములు ఎందుకు పోయాయని ప్రతి ఊళ్లోనూ గొణుగుతారు. ఏ భూమి ఎవరికోసం ఇచ్చారో ఊరికి తెలియదు గనుకే పోయాయి. కోస్తా, రాయలసీమ ఊళ్లకు 1860ల నాటి ఇనాం రిజిస్టర్లున్నాయి. దీపానికి ఇంత, అర్చకుడికి ఇంత, భజంత్రీకి ఇంత అని సర్వే వివరాలతో రాసిన పుస్తకాలవి. తెలంగాణలో నిజాం కాలపు మున్తఖబ్‌లు ఉన్నాయి. దేవాదాయ చట్టం ప్రకారం ప్రతి సంస్థ ఆస్తులూ నమోదు కావాలి, ఆఫీసుల్లో దాన్నే 43 రిజిస్టరు అంటారు. ఆ పుస్తకాన్ని భక్తుడు అడిగితే విసుక్కునే అధికారికి నేను ఒక్కటే చెబుతాను: అయ్యా, మీరు కాపలాదారు, యజమాని కాదు. యజమాని లోపల ఉన్నాడు, ఆయన ఆస్తి లెక్క ఆయన భక్తులు అడగకుండా ఎవరు అడుగుతారు?

ఇప్పుడు పని మాట. మీ గుడిలో మరమ్మతు మొదలయ్యేముందు, మేస్త్రీ తాపీ పట్టకముందే, ప్రతి స్తంభాన్నీ ప్రతి గడపనూ చూడండి. అక్షరం కనిపిస్తే సున్నం, నూనె, సుద్ద, పసుపు ఏదీ దగ్గరికి రానివ్వకండి. పక్కనుంచి వాలుగా వెలుతురు పడేలా ఫోటో తీయండి, ఫోను చాలు. రాష్ట్ర పురావస్తు శాఖకు, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి ఆ ఫోటో పంపండి. తడికాగితం పరిచి, సిరా అద్ది నకలు తీసే విద్య వాళ్లకు తెలుసు. మీ ఊరి శాసనం ఇప్పటికే దక్షిణభారత శాసన సంపుటాల్లోనో, తెలంగాణ జిల్లా శాసన సంపుటాల్లోనో అచ్చయి ఉండవచ్చు, ముందు అది వెతకండి. కంపెనీ సర్వే అధికారి మెకంజీ కోసం కావలి సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తుల్లో, అంటే గ్రామ చరిత్రల్లో, మీ గుడి ఉందేమో చూడండి.

తెలుగు మాస్టార్లూ, సోషల్ మాస్టార్లూ, ఒక పదిమంది పిల్లల్ని ఆ గోడ ముందు నిలబెట్టండి. విదేశాల్లో ఉండి చందా పంపే అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా, మీరు ఒక షరతు పెట్టండి: శాసనాలన్నీ ఫోటో తీసి, చదివించి, కమిటీ అచ్చువేయిస్తేనే డబ్బు పంపుతాం అని. మీ మాట కమిటీలు వింటాయి.

అర్చకస్వాములకు ప్రత్యేకంగా ఒక మనవి. సంకల్పంలో మీరు దేశకాలాలు చెబుతారు, భక్తుడి గోత్రనామాలు చదువుతారు. గుడి వార్షికోత్సవం నాడు ఇంకో పది నిమిషాలు కేటాయించండి. ఈ గుడికి చెరువు తవ్వించినవారి పేరు, దీపానికి నెయ్యి పోసిన బోయల పేర్లు, ఆడిపాడిన సానుల పేర్లు, తొలిసారి ఈ గడప దాటి లోపలికొచ్చిన దళిత పెద్దల పేర్లు, తెలిసినన్ని, మైకులో చదవండి. పేరు తెలియనిచోట తెలియదనే చెప్పండి. ఆ జాబితాలో చేర్చాల్సిన పేరు ఇంకా ఏదైనా ఉంటే ఆఫీసులో రాయించమని భక్తులను అక్కడే అడగండి.