దూరదర్శినికంటె ముందు తీగను చూడండి

ఆకాశాన్ని ఛాయాచిత్రంలో బంధించే విద్య హైదరాబాదుకు కొత్తది కాదు. నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చినది. అంతర్జాతీయ నక్షత్ర పట్టిక నిర్మాణంలో పాల్గొని, గాజు ఫలకాలపై చిత్రాలు తీసి, లక్షలాది నక్షత్రాల స్థానాలను లెక్కించినది. నాటి పరిశీలకుడు రాత్రంతా దూరదర్శిని చెంతనే నిలిచేవాడు. నేటి విద్యార్థికీ దూరదర్శినికీ నడుమ ఒక కంప్యూటరు, ఒక తీగ వచ్చి చేరినవి.

మిద్దెపై కెమెరా ప్రక్కన ఒక చిన్న కంప్యూటరును ఉంచి, దానిని క్రింది గదిలోని మరొక కంప్యూటరుతో ఈథర్నెట్ కేబులు ద్వారా కలపడం నేడు పరిపాటి. సామాన్యమైన యు.ఎస్.బి. తీగ 5 మీటర్లు దాటితే నమ్మదగినది కాదు. ఈథర్నెట్ 100 మీటర్ల వరకు పనిచేయును. అయితే ఆ తీగ మొరాయించినచో కెమెరా మన అదుపులో ఉండదు. 2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణంలో సంపూర్ణ దశ నిలిచినది 82 నిమిషాలు మాత్రమే. అందులో అరగంట తీగతో పెనుగులాటకు పోయినచో, చంద్రుడు మనకొరకు ఆగడు.

ఇట్టి వేళ సాధారణంగా జరిగేదేమి? ఒకరు కెమెరాను నిందిస్తారు. ఒకరు ప్రోగ్రామును తొలగించి మళ్లీ ఎక్కిస్తారు. వేరొకరు అమరికలన్నీ ఒక్కసారే మార్చివేస్తారు. దైవికంగా సంబంధం కుదిరినా, ఏ మార్పువలన కుదిరినదో ఎవరికీ తెలియదు. మరునాడు మళ్లీ మొదటికే వస్తాము. ఇది మరమ్మతు కాదు, జూదం.

దోషాన్వేషణకు ఒక క్రమం కలదు. మొదట కేబులు గుచ్చిన చోట చిన్న దీపం వెలుగుచున్నదా చూడవలెను. వెలగనిచో దోషం కేబులులోనో, దానిని గుచ్చిన చోటనో ఉన్నది. మరొక మంచి కేబులు పెట్టి చూచిన తెలియును. దూరదర్శిని తిరిగినప్పుడెల్ల తీగ లాగబడి బిగువు సడలడం తరచు జరిగేదే. దీపం వెలిగినచో, పిమ్మట చిరునామా చూడవలెను. నడుమ రౌటరు లేక రెండు కంప్యూటర్లను నేరుగా కలిపినపుడు చిరునామాలు పంచేవారుండరు. ఆ యంత్రాలు 169.254తో మొదలయ్యే సంఖ్యలను తమకు తామే పెట్టుకొనును. ఒకదానికి 192.168.10.1, రెండవదానికి 192.168.10.2 అని మనమే ఇచ్చి, రెండింటా 255.255.255.0 మాస్కు ఉంచినచో స్థిరత్వం కలుగును. వైఫై కూడ అవే అంకెలు వాడుచున్నచో గందరగోళం తప్పదు గనుక వేరు వరుస ఎన్నుకొనవలెను. అటుపై పింగ్ ఆజ్ఞతో పలుకరించి చూడవలెను. బదులు రానిచో ఫైర్‌వాల్ అడ్డుపడుచున్నదేమో పరిశీలించవలెను. కెమెరా ప్రోగ్రామును అనుమానించడం అన్నిటికన్న చివర. ప్రతి మెట్టునా ఒక్క మార్పే. దానిని వెంటనే పుస్తకంలో వ్రాయవలెను.

కళాశాల సంఘం పెద్దలకు నా విన్నపం ఇది: కొత్త కెమెరా కొనుటకు ముందు రెండు మంచి కేబుళ్లు, ఒక దినచర్య పుస్తకం సమకూర్చండి. నెలకొకసారి పట్టపగలు మిద్దెపై అన్నిటినీ బిగించి అభ్యాసం చేయించండి. చీకటిలో తడుముకొనేవాడు పగలు నేర్చుకొననివాడే.

విద్యార్థి మిత్రులారా! నిజామియా వేధశాలవారు ఏండ్ల తరబడి ఒక్కొక్క నక్షత్రాన్ని ఓపికతో కొలిచారు. ఆ ఓపికలో కొంత మన తీగకూ దక్కనిండు.