గీజరు కన్నా ముందు ఎర్తు

చలికాలం వచ్చిందంటే చొప్పదండి చుట్టుపక్కల గ్రామాలలో తెల్లవారుజామునే కాగు కింద పత్తి కట్టె, మక్క బెండ్లు మండుతాయి. ఆ పొయ్యి యింకా పూర్తిగా ఆరిపోలేదు గాని, స్లాబు యిళ్ల స్నానాల గదులలోకి గీజరు కూడా వచ్చి చేరింది. నీళ్లను పెద్దగా నిల్వ పెట్టకుండా, నల్లా తిప్పగానే వేడిచేసి యిచ్చే చిన్న గీజరుపై చాలామందికి మోజు. ధర తక్కువ, చోటూ తక్కువ. కొనేవారు కంపెనీ పేరు అడుగుతున్నారు, గ్యారంటీ అడుగుతున్నారు. తమ యింటి తీగ ఆ బరువు మోస్తుందా అని అడిగేవారు మాత్రం అరుదు. నిజానికి మొదట అడగవలసింది అదే.

యిటువంటి గీజరు సాధారణంగా 3 వేల వాట్లది. అంటే దాదాపు నాలుగు హార్సు పవర్ల మోటారుతో సమానం. వ్యవసాయ బావి దగ్గర ఆపాటి మోటారుకు స్టార్టరు, విడిగా తీగ, ఫ్యూజులు లేకుండా ఏ రైతూ మోటారు వేయడు. అదే రైతు యింట్లో గీజరును లైట్ల కోసం గుంజిన సన్నని తీగకు తగిలిస్తున్నాడు. 230 వోల్టుల వద్ద యిది 13 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. సన్నని తీగ వేడెక్కి, పైపొర కరిగి, నిప్పంటుకునే ప్రమాదం వుంది. మీటరు బోర్డు నుంచి గీజరుకు విడిగా కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన ఎం.సి.బి. వుండి తీరాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఎర్తు. చాలా యిళ్లలో ప్లగ్గుకు మూడో రంధ్రం వుంటుంది గాని దాని వెనుక తీగ వుండదు. తీగ వున్నచోట కూడా ఎర్తు గుంత ఎండాకాలంలో పొడిబారి పనికిరాకుండా పోతుంది. గీజరు లోపల కాయిలు పగిలితే కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్ల కింద తడి ఒంటితో నిలబడిన మనిషికి తప్పించుకునే వ్యవధి వుండదు. ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి అప్పుడప్పుడు నీళ్లు పోయడం పెద్ద ఖర్చు కాదు. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపివేసే బ్రేకరు పెట్టించుకోవడం శ్రేయస్కరం.

యిక పనితనం సంగతి. 20 లీటర్ల బకెట్టు నీళ్లను 20 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవడానికి 3 వేల వాట్ల గీజరుకు 10 నిమిషాలు పడుతుంది, సుమారు అర యూనిట్టు కాలుతుంది. వోల్టేజీ 180కి పడిపోతే గీజరు బలం 3 వేల నుంచి 1,850 వాట్లకు దిగజారుతుంది. అదే బకెట్టుకు 16, 17 నిమిషాలు కావాలి. పల్లెల్లో నల్లా సన్నగా విడిచి ఓపిక పట్టక తప్పదు.

రోజుకు నాలుగు బకెట్లయితే నెలకు 60 యూనిట్లు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడుకునే అర్హులైన కుటుంబాలకు కరెంటు ఉచితం. యిప్పటికే 150 యూనిట్లు కాల్చే యింట్లో గీజరు చేరితే 200 దాటుతుంది. అప్పుడు మొత్తం బిల్లు కట్టాలి. ఉడుకు నీళ్ల అసలు ధర దుకాణంలో కాదు, మీటరులో తెలుస్తుంది.

కరెంటు బాధ లేదని కొందరు గ్యాసు గీజరు వైపు చూస్తున్నారు. కిలో గ్యాసుతో సుమారు 20 బకెట్లు కాగుతాయి గనుక లెక్క బాగానే వుంది. ప్రమాదం వేరే వుంది. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే ఆయన గ్యాసుతో నీళ్లు అప్పటికప్పుడు వేడిచేసే యంత్రం తయారుచేసి, గీజరు అని పేరు పెట్టాడు. దానికి పొగగొట్టం లేదు. కాలిన గాలి స్నానాల గదిలోనే నిండేది. యిన్నేళ్ల తర్వాత కూడా కిటికీ లేని చిన్న గదిలో గ్యాసు గీజరు బిగించి, తలుపు వేసుకుని స్నానం చేసినవారు ప్రాణాలు కోల్పోతూనే వున్నారు. వంట గ్యాసు లీకైతే వాసన తెలుస్తుంది. గాలి చాలక సరిగా కాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. గ్యాసు గీజరును గది బయట గాలి ఆడేచోట బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవాలి. అందుకు వీలులేని యింటివారు దాని జోలికి పోకపోవడమే మేలు.

యిది ఒక యింటి వ్యవహారం మాత్రమే కాదు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒకే వేళ ఎనిమిది గీజర్లు వేస్తే దాని శక్తి అంతా వాటికే సరిపోతుంది. మిగతా వాడకట్టుకు దీపం మసకబారుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే అందరికీ చీకటే. కనుక గీజరు పెట్టేవారు అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోవాలి. విద్యుత్ శాఖ వారు కూడా పెరిగిన లోడును లెక్కగట్టి, కాలిపోయేదాకా ఆగకుండా ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం పెంచాలి.

ఎర్తు, తీగ, గాలి — యీ మూడూ సరిచూసుకున్న తర్వాతనే దుకాణం మెట్లెక్కాలి. అవి కుదిరేవరకు కాగు కింద కట్టె పెట్టుకోవడం చిన్నతనమేమీ కాదు.