వరుస

తెలుగు భాషలో 'వరుస' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకదాని వెనుక ఒకటిగా అమరిన క్రమం వరుస. మనిషికీ మనిషికీ నడుమ ఉండే బంధుత్వమూ వరుసే. ప్రయాణంలో పరిచయమైన ఇద్దరు పల్లెవాసులు మాట కలిపిన కాసేపటికే అన్న, అక్క, మామ, పెద్దమ్మ అంటూ వరుసలు కలుపుకుంటారు. నడవడి చెడినవాణ్ణి వావివరుసలు లేనివాడని గర్హిస్తారు. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఒదిగి ఉండటం ఆలోచింపదగిన విషయం. దుకాణం ముందు ఒకరి వెనుక ఒకరుగా నిలబడినవారు ఆ కొద్దిసేపూ ఒక చిన్న సమాజం. ముందున్నవారికీ వెనుకనున్నవారికీ మధ్య అక్కడ ఒక సంబంధం ఏర్పడుతుంది. దానిని మన్నించక ముందుకు దూసుకుపోయేవాడు క్రమాన్ని మాత్రమే చెడగొట్టడం లేదు. తోటిమనిషితో తనకున్న వరుసను కూడా తెంచుకుంటున్నాడు.

అనంతపురం జిల్లాలో హైదరాబాదు - బెంగుళూరు జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం గార్లదిన్నె. దేశంలో అతి తక్కువ వర్షపాతం గల జిల్లాలలో అనంతపురం ఒకటి. ఈ మండలంలోనే పెనకచర్ల వద్ద పెన్నానదిపై మధ్య పెన్నార్ జలాశయం ఉన్నా, మెట్టపొలంలో వేరుశనగ వేసిన రైతు చూపు ఆకాశం వైపే ఉంటుంది. ఇటువంటి కరవునేలలో వరుస అనేది నిత్యజీవితంలో ఒక భాగం. కుళాయి వద్ద బిందెల వరుస. తొలకరికి ముందు సబ్సిడీ వేరుశనగ విత్తనాల కోసం తెల్లవారకముందే రైతుల వరుస. నెల మొదట్లో చౌకధరల దుకాణం ముందు సంచుల వరుస. ఎండకు నిలువలేక తమకు బదులుగా చెప్పులనో, రాళ్ళనో, పాసుపుస్తకాలనో వరుసలో ఉంచి చెట్టునీడకు చేరే దృశ్యం సీమవాసులకు కొత్త కాదు. నోరులేని ఆ రాతిని ఎవరూ తొలగించరనే నమ్మకమే ఆ ఏర్పాటుకు పునాది. ఏ శాసనమూ రాయని ఒప్పందం అది. ఒక్కరు ఆ రాతిని కాలితో పక్కకు నెట్టినా, ఆ నమ్మకం మొత్తం కూలిపోతుంది.

వరుసలో నిలబడటం పరదేశాల నుంచి దిగుమతి అయిన మర్యాద అని కొందరు తేలికగా అంటూ ఉంటారు. అది సరికాదు. చెరువుల కింద సేద్యం సాగిన కాలంలో సీమ గ్రామాలలో నీరుగంటి ఉండేవాడు. తూము తెరవడం, ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పారాలో చూడటం అతని పని. వంతు రాకముందే గట్టు తెంచి నీటిని మళ్ళించుకోవడాన్ని ఊరంతా తప్పుగా ఎంచేది. పెళ్ళిపందిట్లో బంతి తరువాత బంతిగా భోజనాలు పెట్టడం, బంతిలో అందరికీ వడ్డన అయ్యేదాకా ముద్ద ఎత్తకపోవడం ఈ నేల మీది మర్యాదలే. 1952లో రాయలసీమ కరవు కోరలలో చిక్కినప్పుడు గంజి కేంద్రాలు తెరిచారు. ఉన్న కొద్దిపాటి గంజిని ఆకలిగొన్న వారందరికీ అందించాలంటే వంతును పాటించడం తప్ప మరో మార్గం లేదు.

అయితే ఆ పాత బంతులలో అందరికీ చోటుండేది కాదనే సత్యాన్ని మరువరాదు. కులాన్ని బట్టి బంతులు వేరు, బావులు వేరు. ఊరి బావి దగ్గర ఎవరో ఒకరు దయతలచి నీళ్ళు పోసేదాకా దోసిలి పట్టుకొని దూరంగా నిలబడవలసిన మనుషులు ఈ దేశంలో ఉండేవారు. వారికి వంతు అనేదే లేదు. ఉన్నది నిరీక్షణ మాత్రమే. నేటి దుకాణం ముందున్న వరుస గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ముందు వచ్చినవారికి ముందు అనే చిన్న నియమం కులాన్ని అడగదు, ఆస్తిని లెక్కించదు, పలుకుబడిని పట్టించుకోదు. భూస్వామి వెనుక కూలీ నిలబడవచ్చు. కూలీ వెనుక భూస్వామి కూడా నిలబడవలసిందే. రాజ్యాంగం చెప్పిన సమానత్వాన్ని సామాన్యుడు కళ్ళారా చూడగలిగే చోట్లలో ఒకటి ఓటువేసే కేంద్రమైతే, మరొకటి ఈ వరుస. 'నేనెవరో తెలుసా?' అంటూ దానిని ఛేదించేవాడు కాలం కూల్చిన పాత గోడను తిరిగి కడుతున్నాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైనప్పటి నుంచి చౌకధరల దుకాణం పేదవాని వంటింటికి ముంగిలి వంటిదయింది. 2021 జనవరిలో సరకులను వాహనాల ద్వారా ఇంటి ముంగిటికి చేర్చే పద్ధతి ప్రవేశపెట్టారు. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతిని విరమించి, పంపిణీని మళ్ళీ దుకాణాలకే అప్పగించారు. నెలలో మొదటి పదిహేను రోజులూ ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు దుకాణం తెరిచి ఉండేలా, 65 ఏళ్ళు దాటిన వృద్ధులకూ దివ్యాంగులకూ ఇంటి వద్దనే సరకులు అందేలా నిర్ణయించారు. అంటే వాహనం వెళ్ళిపోయింది, వరుస తిరిగి వచ్చింది.

ఈ వరుసలో సహనాన్ని పరీక్షించే ఘట్టం ఒకటి తరచుగా ఎదురవుతుంది. సాధారణంగా ఈ-పోస్ యంత్రం మీద వేలిముద్ర తీసుకొని సరకులు ఇస్తారు. ఏళ్ళ తరబడి కలుపు తీసి, వేరుశనగ చెట్లు పెరికి, రాళ్ళు మోసిన చేతులకు గీతలు అరిగిపోతాయి. యంత్రం ఆ వేలిని గుర్తించదు. శ్రమజీవి ఒక వేలు కాదని మరొక వేలు ఉంచుతుంది. కొంగుతో తుడుచుకొని మళ్ళీ ప్రయత్నిస్తుంది. అప్పుడు వెనుకనుంచి విసుగు మాటలు వినిపిస్తాయి. 'పక్కకు జరుగు, మేం పోవాల' అనే గద్దింపు వినిపిస్తుంది. ఏ చేతుల కష్టం వల్ల ఊరి గాదెలు నిండాయో, ఆ చేతులే ఊరి ముందు దోషులుగా నిలబడతాయి. ఆ క్షణాన ఆమె తలదించుకోవడానికి కారణం యంత్రం కాదు, తోటివారి మాట. యంత్రానికి దయ ఉండదు. మనిషికి దయ లేకపోవడమే విచారకరం.

వరుసను అతిక్రమించేవారు చెప్పుకొనే సాకులు అనేకం. 'ఒక్క వస్తువే కదా' అని ఒకరు, 'ఇల్లు దూరం' అని ఒకరు, 'అర నిమిషం పని' అని ఇంకొకరు చొరబడతారు. ఈ అర నిమిషం లెక్కను ఒకసారి పరిశీలించాలి. వరుసలో ముప్పై మంది ఉన్నారనీ, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుందనీ అనుకుందాం. చివరివాడు తన వంతు కోసం 145 నిమిషాలు వేచి ఉండాలి. అతడు ఉపాయంగా అందరికన్నా ముందుకు వెళితే ఆ 145 నిమిషాలూ అతనికి మిగులుతాయి. కాని తక్కిన ఇరవై తొమ్మిది మందిలో ప్రతి ఒక్కరికీ ఐదేసి నిమిషాలు పెరుగుతాయి. ఆ మొత్తం కూడా 145 నిమిషాలే. అంటే అతడు కాలాన్ని ఆదా చేయలేదు. ఇతరుల జేబులలో నుంచి చిల్లరగా ఏరుకొన్నాడు. డబ్బు పోతే అడగడానికి పోలీసు ఠాణా ఉంది. పోయిన కాలానికి ఫిర్యాదు చేసే చోటు లేదు. పొద్దున్నే కూలీలను తీసుకుపోయే ఆటో తప్పిపోతే ఆ రోజు కూలి పోయినట్లే. కొందరికి అది ఐదు నిమిషాల ఆలస్యం. మరొకరికి ఒక పూట అన్నం.

తోటి కొనుగోలుదారుల పట్ల నిర్లక్ష్యం వరుసకు మాత్రమే పరిమితం కాదు. కూరగాయల సంతలో బెండకాయ లేతదో కాదో తెలుసుకోవడానికి తొడిమ వైపు వదిలి కొసలు తుంచి చూస్తారు. విరిగిన కాయలను రాశిలోనే వదిలి, కొస ఉన్నవాటిని ఏరుకొని పోతారు. సొరకాయ మీద గోరు గుచ్చి చూస్తారు. టమోటాలను నొక్కి నొక్కి పక్కన పెడతారు. వేరుశనగ కాయలను రుచి పేరుతో గుప్పెడు నములుతారు. రైతు తన పంటను స్వయంగా అమ్ముకోవాలనే ఆశయంతో 1999లో రైతుబజార్లు వెలిశాయి. అక్కడ గోరు గాటు పడిన సొరకాయ సాయంత్రానికి వాడిపోతే ఆ నష్టం భరించేది రైతే. కొస తెగిన బెండకాయను చివరికి కొనేది ఆలస్యంగా వచ్చిన కూలీ కుటుంబమే. తెంచినవారు వారిద్దరినీ ఎన్నడూ చూడరు. చూడని మనిషికి చేసే అపకారం అపకారంగా తోచకపోవడమే ఈ దురలవాటుకు మూలం.

పట్టణాలలోని సూపర్ మార్కెట్లలో ఇదే స్వభావం మరో రూపు దాల్చుతుంది. నడిచే దారికి అడ్డంగా బండి నిలిపి చరవాణిలో ముచ్చట్లాడటం, వద్దనుకొన్న పాలపొట్లాన్ని సబ్బుల అరలో వదిలిపోవడం, బిల్లు వేసే సమయాన మరిచిపోయిన సరకు కోసం లోపలికి పరుగెత్తి వెనుకనున్నవారిని నిలబెట్టడం నిత్యం కనిపించేవే. చదువూ సంపదా పెరిగితే సంస్కారం దానంతటదే వస్తుందనే అభిప్రాయం ఇక్కడ వీగిపోతుంది.

కొరత వల్లనే మనుషులు తోసుకుంటారనే వాదన కూడా ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. సరకు అయిపోతుందేమో అనే భయం ఎంతటి శాంతస్వభావుణ్ణైనా తొందరపెడుతుంది. కాని భయం కొరతను పుట్టించిన సందర్భాలూ ఉన్నాయి. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వార్త వినగానే అమెరికాలోని భారతీయ సరకుల దుకాణాలకు తెలుగువారితో సహా ఎందరో ప్రవాస భారతీయులు పరుగులు తీశారు. సోనామసూరి బియ్యాన్ని కొందరు బస్తాల కొద్దీ బండ్లలోకి ఎత్తుకున్నారు. అరలు ఖాళీ కాగా, కుటుంబానికి ఒక్క బస్తా మాత్రమే అని కొన్ని దుకాణాలవారు పరిమితి విధించవలసి వచ్చింది. వారెవరూ ఆకలితో ఉన్నవారు కారు. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం తొలగిపోయింది. గార్లదిన్నె వంటి ఊళ్ళలో రాతిని తన స్థానంలో ఉంచి నమ్మకంతో నీడకు చేరే రైతుకూ, సంపన్న దేశంలో బస్తా కోసం పెనుగులాడే విద్యావంతునికీ మధ్య ఉన్న తేడా లేమి, కలిమి కాదు. వెనుకనున్నవాడు కూడా తనవంటివాడే అనే ఎరుక ఉండటమా, లేకపోవడమా అన్నదే ఆ తేడా.

ఈ ఎరుక అలవడటం అసాధ్యం కాదు. 2020లో కరోనా మహమ్మారి వ్యాపించినప్పుడు దుకాణాల ముందు సున్నంతో వలయాలు గీశారు. ఒక్కొక్క వలయంలో ఒక్కొక్కరు నిలబడి తమ వంతు కోసం వేచి ఉన్నారు. తోసుకోవడం మన రక్తంలోనే ఉందని నిందించుకొనేవారికి ఆ సున్నపు గీతలే సమాధానం. ప్రాణభయం నేర్పిన క్రమశిక్షణను ఇంగితం నేర్పలేదా? 

బాధ్యత కొనేవారిది మాత్రమే కాదు. 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే' అని సామెత. పక్కదారిన వచ్చినవానికి సరకు తూచి ఇచ్చే దుకాణదారు వరుసలో ఉన్నవారందరినీ అవమానిస్తున్నాడు. అటువంటి అవమానం పదేపదే ఎదురైతే సాధువు కూడా మోచేతులు చాపడం నేర్చుకుంటాడు. ఏ సరకు ఎంత ఉన్నదో పలకమీద రాసి ఉంచితే, నిలువ నీడనూ తాగునీటినీ సమకూరిస్తే, తోపులాట సగం తగ్గుతుంది. కార్డుకు ఇంత అని కోటా నిర్ణయమై ఉన్నప్పుడు తోసుకున్నంత మాత్రాన గింజ కూడా ఎక్కువ రాదనే విషయం అందరికీ తెలియజెప్పాలి.

నియమానికి దయ తోడుకావాలి. గర్భిణికి, చంకన పసిబిడ్డ ఉన్న తల్లికి, కర్ర ఊతంతో వచ్చిన వృద్ధునికి చోటు ఇవ్వడం వరుస తప్పడం కాదు. వరుసలో నిలిచినవారి ఔదార్యానికి అది గుర్తు. చోటు ఇవ్వడానికీ, చోటు లాక్కోవడానికీ ఎంతో భేదం ఉంది. మొదటిది ఇచ్చేవాని హక్కు. రెండవది తీసుకొనేవాని దౌర్జన్యం.

అన్యాయాన్ని చూస్తూ మౌనం వహించడం మర్యాద అనిపించుకోదు. 'అన్నా, వరుస ఇక్కడుంది' అని మెత్తగా చెప్పే ఒక్క గొంతు చాలు. పది గొంతులు దానికి జతకలుస్తాయి. ఇంటి సంచి పట్టుకొని దుకాణానికి వెళ్ళేవారిలో కళాశాల విద్యార్థులు ఎందరో ఉంటారు. తమ తరువాత నిలబడిన అవ్వకు రసీదు చదివి వినిపించడం, ఆమె వేలిముద్ర పడేదాకా విసుక్కోకుండా ఓపిక పట్టడం, బియ్యం మూటను ఆమె తలకెత్తడం పెద్ద త్యాగాలేమీ కావు. దేశసేవ అనగానే యువకుల ఊహలోకి సరిహద్దులూ, సభావేదికలూ వస్తాయి. కాని ఎవరూ చప్పట్లు కొట్టని చోట, ఎండలో, చేతిలో ఖాళీ సంచితో, తన వంతు వచ్చేదాకా నిలబడి ఉండటం కూడా పౌరధర్మమే. అక్కడ నెగ్గినవాడు తనను తాను నెగ్గినవాడు.