గుర్రు పెట్టి నిద్రపోవడం

"గుర్రు పెట్టి నిద్రపోయాడు" అంటే మనవారికి ఎంత తృప్తి! ఆదమరచి నిశ్చింతగా నిదురించాడని అర్థం. ముప్పై యేళ్లు పిల్లలకు జాతీయాలు బోధించిన నాకు ఈ ఒక్క జాతీయం మీద ఇప్పుడు నమ్మకం పోయినది.

గుడివాడ దగ్గరి బడిలో నాతో పనిచేసిన లెక్కల మాస్టారు భారీకాయులు. మధ్యాహ్నమయ్యేసరికి కుర్చీలోనే కునికేవారు. ఆయనకు 'కుంభకర్ణుడు' అని పేరు పెట్టినది మరెవరో కాదు, నేనే. 1998లో ఒక సాయంత్రం బందరు రోడ్డు మీద కునుకు పట్టి, స్కూటరుతో సహా పంటకాలువలో పడ్డారు. కాలువలు కట్టేసిన ఏప్రిలు నెల కనుక చెయ్యి విరగడంతో సరిపోయింది. పరామర్శకు వెళితే వారి శ్రీమతి అన్నారు: "రాత్రిళ్లు గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది అన్నయ్యగారూ. ఊపిరి మళ్లీ అందేదాకా లెక్కపెడుతూ కూర్చుంటాను."

కుంభకర్ణుడు నిజంగా నిద్రపోయాడు. మా మాస్టారు నిద్రే పోలేదు!

దీనిని వైద్యులు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. స్థూలకాయులకు మెడలోనూ నాలుకలోనూ చేరిన కొవ్వు ఆ దారిని మూసివేస్తుంది. వెల్లకిల పడుకొంటే పొట్ట బరువు ఊపిరితిత్తులను నొక్కుతుంది. కనుక తూకంతో పాటు కొవ్వు చేరిన చోటునూ చూడాలి. మగవారికి మెడ చుట్టుకొలత 17 అంగుళాలు, ఆడవారికి 16 దాటితే అనుమానించవలసినదే. పైబడిన వయసు, చిన్న దవడ, థైరాయిడు మాంద్యం, స్త్రీలకు ముట్లు ఆగిన దశ ముప్పును పెంచుతాయి. రాత్రిపూట మద్యం, నిద్రమాత్రలు మరీ చేటు. బరువు పదిశాతం పెరిగినవారికి ఈ జబ్బు ముదిరిన రూపంలో వచ్చే అవకాశం సుమారు ఆరింతలని అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగిన పరిశీలన 2000లో తేల్చింది. సన్ననివారికి రాదని కాదు సుమా.

చరకుడు సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలుని గురించీ నిద్ర గురించీ ఒకే చోట చెప్పాడు. చదువుకొన్నవాడినే, మిత్రుని చూసినప్పుడు అది స్ఫురించలేదు, పరిహాసం స్ఫురించింది! 'గ్యాంగ్ లీడర్' పాటలకు బాణీలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ఈ వ్యాధితోనే మరణించారని వైద్యులు ప్రకటించినప్పుడు, గురకతో మనిషి పోతాడా అని మా వీధిలో నవ్వినవారున్నారు. లావుపాటి మనిషిని చూసి నవ్వే ఈ అలవాటే అతణ్ణి వైద్యుని గడప తొక్కనివ్వడం లేదని నా అభిప్రాయం. పక్కన పడుకొన్నవారు చెప్పే మాటే తొలి పరీక్ష. దానిని కూడా సణుగుడు కింద కొట్టివేస్తాము.

గొట్టం ద్వారా ముక్కులోకి గాలి నెట్టి దారి తెరచి ఉంచే పద్ధతిని 1981లోనే ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ వెలువరించాడు. మా మాస్టారికి అది ఎంతో ఆలస్యంగా అందింది. ఇప్పుడు అవనిగడ్డలో కుమారుని వద్ద ఉంటూ, రాత్రి ముక్కుకు ఆ తొడుగు తగిలించుకొని పడుకొంటున్నారు. మొన్న ఉదయం ఫోను చేస్తే, "ఏమోయ్ పండితుడా, కుంభకర్ణుడు లేచాడు" అని తానే నవ్వారు. నాకు నవ్వు రాలేదు.