పక్కింటి నిప్పు

అన్నం సగం ఉడుకుతుండగా గ్యాస్ అయిపోవడం ఎవరికి అనుభవం కాదు? మొన్న మా ఇంట్లో చుట్టాలు హాల్లో ఉండగానే నీలిమంట పసుపుపచ్చగా మారి, ఒకటి రెండుసార్లు రెపరెపలాడి ఆరిపోయింది. ఎదురింటి పిన్నిగారి తలుపు తట్టాను. నేను నోరు తెరవకముందే ‘బండ కావాలా?’ అన్నారావిడ. వాళ్ళబ్బాయి బండను కాస్త పక్కకి వంచి, అంచు మీద దొర్లించుకుంటూ తెచ్చిపెట్టాడు. గిన్నె చల్లారకముందే పొయ్యి వెలిగింది.

మా అమ్మమ్మకి అగ్గిపుల్ల కూడా పొదుపే. పిడక ముక్క పట్టుకుని పక్కింటికి వెళితే, వాళ్ళ పొయ్యిలోంచి నాలుగు నిప్పు కణికలు తీసి దాని మీద వేసేవారు. గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె మెల్లగా నడిచొచ్చే తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. దేశాల మధ్య ఇంధన భద్రత అనే పెద్ద మాట ఎక్కడ చదివినా నాకు ఆ పిడకే గుర్తొస్తుంది.

2009 జనవరిలో ధర దగ్గర, బాకీల దగ్గర రష్యాకీ ఉక్రెయిన్‌కీ తగవొచ్చింది. ఉక్రెయిన్ మీదుగా యూరప్ వెళ్ళే గ్యాస్ 7వ తేదీకల్లా పూర్తిగా ఆగిపోయి, మళ్ళీ 20న గాని రాలేదు. ఎముకలు కొరికే చలి రోజులవి. బల్గేరియాలో చాలా బడులు మూతపడ్డాయి. స్లోవేకియాలో ఇళ్ళ కోసమని ఫ్యాక్టరీలకు గ్యాస్ కోతపెట్టారు. 1967 నుంచి స్లోవేకియా ప్రాంతానికి గ్యాస్ తెచ్చిన గొట్టం పేరు ‘బ్రాత్‌స్త్వో’. సోదరభావం అని అర్థం.

చెక్‌లూ స్లోవాక్‌లూ ఒకే కుటుంబంలా ఉండి, 1993లో పోట్లాట లేకుండా వేరు కాపురాలు పెట్టుకున్నవాళ్ళు. చెక్ వాళ్ళకి నార్వే గ్యాస్ కూడా వచ్చేది. తమ్ముడింట్లో పొయ్యి ఆరిందని తెలిసి అన్న ఊరుకోలేదు. ఎప్పుడూ పడమటికి పారే గొట్టంలో గ్యాస్‌ని తూర్పుకి తిప్పి పంపించారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు గుండె తడవుతుంది.

ఆ కష్టం చూశాక, సరిహద్దులు దాటే గొట్టాలు రెండు వైపులా పారేలా ఉండాలని యూరప్ దేశాలు 2010లో రాసుకున్నాయి. 2017లో ఇంకో మాట చేర్చుకున్నాయి: పక్కదేశంలో ఇళ్ళూ ఆసుపత్రులూ చల్లబడితే, మన ఫ్యాక్టరీల కంటే ముందు వాళ్ళకి. ఊరికే కాదు, డబ్బు ఇచ్చి పుచ్చుకునేదే. పిన్నిగారి బండ కూడా మాది రాగానే తిరిగిచ్చేదే కదా. అంతమాత్రాన అది సాయం కాకుండా పోతుందా?

2014 జూన్‌లో రష్యా ఉక్రెయిన్‌కే గ్యాస్ ఆపేసింది. అప్పుడు స్లోవేకియా, తన వోయాని అనే ఊరి దగ్గర వాడకుండా వదిలేసిన పాత గొట్టమొకటి బాగుచేయించింది. సెప్టెంబరులో, చలి మొదలయ్యేలోపే, అందులోంచి ఉక్రెయిన్‌కి గ్యాస్ వెళ్ళింది. అప్పటికి ఐదేళ్ళ కిందట పక్కింటి నిప్పుతో పొయ్యి వెలిగించుకున్న ఇల్లే ఆ స్లోవేకియా.