పచ్చ లైటు వెలిగితే బ్యాటరీ నిండినట్టా?



ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఈ 61 రోజుల్లో మన రేవుల్లో బోట్లకు రంగులు పడతాయి, వలలు బాగవుతాయి, ఇంజన్లు విప్పి బిగిస్తారు. బ్యాటరీని మాత్రం ఆఖరి వారంలో చార్జింగ్ షాపులో పడేసి, మర్నాడు పచ్చ లైటు చూసి తెచ్చేసుకుంటారు. షాపువారు బ్యాటరీతో పాటు ఆరు సెల్లుల గ్రావిటీ (యాసిడ్ సాంద్రత) రాసిన చీటీ కూడా ఇవ్వాలని నా వాదన.

చార్జరు మీది పచ్చ లైటు చెప్పేది ఒక్కటే: బ్యాటరీ ఇక పెద్దగా కరెంటు తీసుకోవడం లేదని. ప్లేట్లకు సల్ఫేట్ పట్టిన ముసలి బ్యాటరీ కూడా కరెంటు తీసుకోదు. అందుకే దాని దగ్గర ఆ లైటు ఇంకా తొందరగా వెలుగుతుంది! కొన్ని బ్యాటరీల మూత మీద ఉండే పచ్చ కన్ను ఆరు సెల్లుల్లో ఒక్కదాన్నే చూస్తుంది. పక్క సెల్లు చచ్చిపోయినా దానికి తెలియదు. బుడగలొస్తే నిండినట్టేనని మరికొందరి నమ్మకం. నిండడానికి ఇంకా చాలా మిగిలి ఉండగానే బుడగలు మొదలవుతాయి. (వాటిలో హైడ్రోజన్ ఉంటుంది. అక్కడ బీడీ ముట్టించేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.)

మీటరు పెట్టి చూస్తాం కదా అంటారు. చార్జరు తీసిన వెంటనే చూస్తే 13 వోల్టులు దాటి చూపిస్తుంది. ఆ పైపై చార్జి రాత్రికి రాత్రే దిగిపోతుంది. వైర్లన్నీ విప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున చూసిన వోల్టేజీయే లెక్క. అది 12.6, 12.7 ఉంటే నిండినట్టని ఫోన్లో చూసి చెప్పేవాళ్లున్నారు. అదీ అన్నిటికీ వర్తించదు. వేడి ప్రాంతాల్లో ప్లేట్లు త్వరగా పాడవకుండా కొన్ని బ్యాటరీల్లో పలచని యాసిడ్ పోస్తారు. ఒక్కో సెల్లు వోల్టేజీ సుమారుగా గ్రావిటీకి 0.84 కలిపినంత. గ్రావిటీ 1.270 ఉండే బ్యాటరీ నిండితే 12.66 వోల్టులు చూపిస్తుంది, 1.240 ఉండేది నిండినా 12.5 దగ్గరే ఆగుతుంది. దాన్ని 12.7కు తెద్దామని ఇంకా చార్జి చేస్తే నీరు తరిగిపోయి ప్లేట్లు పాడవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

కాబట్టి గ్రావిటీ కొలిచే హైడ్రోమీటరే దిక్కు. చార్జింగ్ చివర్లో గంటకోసారి ఆరు సెల్లులూ చూడాలి. వరసగా మూడుసార్లు గ్రావిటీ పెరగకుండా అక్కడే ఉండి, అది తయారీదారు ఇచ్చిన అంకెకు సరిపోతే నిండినట్టు. పెరగకుండా తక్కువలోనే ఆగిపోతే అది నిండడం కాదు, జబ్బు. యాసిడ్ వేడిగా ఉంటే హైడ్రోమీటరు తక్కువ చూపిస్తుంది గనుక 27 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ 0.007 కలుపుకోవాలి. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే చూడకూడదు, నీళ్లు ఇంకా కలవకుండా పైనే ఉంటాయి. సీలు వేసిన బ్యాటరీకి గ్రావిటీ చూడలేం. అక్కడ 14.4 వోల్టుల దగ్గర కరెంటు ఎంతకు దిగిందో చూడాలి. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ అయితే ఒకటి రెండు ఆంపియర్లకు దిగి అక్కడే నిలవాలి, తర్వాత రాత్రి విశ్రాంతి వోల్టేజీ రాయాలి. లిథియం సంగతి వేరు. సగం ఖాళీ అయినా దాని వోల్టేజీ పెద్దగా కదలదు, కరెంటు లెక్కపెట్టే పరికరం పెట్టుకోవలసిందే.

ఇంత తతంగం ఎందుకంటారా? రాత్రి ఇంజను ఆపితే దీపాలు, జీపీఎస్, వీహెచ్‌ఎఫ్ రేడియో అన్నీ బ్యాటరీ మీదే. 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టు వినడానికి అర ఆంపియరు చాలు, మాట్లాడటానికి ఐదారు కావాలి. బ్యాటరీ సరిగా నిండకపోయినా సరంగుకు అవతలి మాటలన్నీ వినిపిస్తుంటాయి. కానీ ఆపదొచ్చి 16వ చానెల్లో కోస్ట్‌గార్డును పిలుద్దామని బటన్ నొక్కగానే సెట్టు ఆరిపోతుంది.

షాపువారి ఇబ్బందీ నాకు తెలుసు. వేట సీజన్లో బోటు రేవులో ఉండేదే కొద్ది రోజులు, బ్యాటరీలు వరసకట్టి ఉంటాయి, చివరి 20 శాతం నిండటానికే గంటలు పడుతుంది. నిషేధ కాలంలో ఆ తొందర లేదు. మేలోనే ఒకసారి, బయల్దేరే ముందు మరోసారి చార్జి చేయించవచ్చు. ఊరికే పడి ఉన్న బ్యాటరీ ఎండలకు తనంతట తానే దిగిపోయి సల్ఫేట్ పట్టేది కూడా ఇప్పుడే. బోటు యజమానుల సంఘాలు జెట్టీకొక హైడ్రోమీటరు కొనిపెడితే ఖర్చు కొన్ని వందల రూపాయలే. చీటీ రాసినందుకు షాపువారు పదో పరకో ఎక్కువ అడిగితే, యజమానులు పేచీ పెట్టకుండా ఇవ్వాలి.

ఇట్లు,
ఒక బోటు ఎలక్ట్రీషియన్,
విశాఖపట్నం