టికెట్టుతో పాటు గాలి కూడా: ఆదోని, ఎమ్మిగనూరు ప్రయాణికుల ప్రణాళిక

మేమెవరం

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం దారుల్లో రోజూ బస్సులూ ఆటోలూ ఎక్కి దిగేవాళ్లం మేము. మాలో జిన్నింగు మిల్లులకు పనికి పోయేవాళ్లున్నారు, మగ్గం నేసేవాళ్లున్నారు, యార్డుకు పత్తి తెచ్చే రైతులున్నారు. ఆదోనికి వచ్చి చదువుకునే పిల్లలున్నారు, నెలనెలా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకునే గర్భిణులున్నారు. ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలున్నాయి. పొద్దున డ్యూటీ ఎక్కితే రాత్రి దాకా బండి దిగని డ్రైవర్లు, కండక్టర్లు ఉన్నారు. అందరికంటే ఎక్కువ గంటలు ఆ గాలి పీల్చేది వాళ్లే.

మేం చెప్పదలచింది ఒక్కటే. బండిలో మనుషులు పీల్చే గాలి బాగుండేలా చూసుకోవడం బండి నడిపించేవారి బాధ్యత. బ్రేకులు పడటం ఎంత ముఖ్యమో, లోపల గాలి ఆడటమూ అంతే ముఖ్యం. టికెట్టు కొన్నవారికైనా, ఉచితంగా ఎక్కినవారికైనా అది హక్కు.

ఎందుకీ పట్టుదల

క్షయ, తట్టు, ఫ్లూ, కోవిడ్ గాలిలోంచి అంటుకునే జబ్బులు. జబ్బున్న మనిషి దగ్గితేనే కాదు, మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా కంటికి ఆనని తుంపర బయటికి వస్తుంది. గాలి ఆడని చోట అది కింద పడకుండా చాలాసేపు తేలుతూనే ఉంటుంది. తట్టు వైరస్ అయితే ఆ మనిషి దిగిపోయాక కూడా రెండు గంటల వరకు అక్కడి గాలిలో ఉండగలదు.

1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం వెల్స్, రిచర్డ్ రైలీ అనే శాస్త్రవేత్తలు క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా గినీపందులున్న గదికి పంపారు. ఆ జంతువుల దగ్గరికి ఏ రోగీ పోలేదు. అయినా వాటికి క్షయ సోకింది.

2020 జనవరిలో చైనాలోని నింగ్‌బో దగ్గర భక్తులు బస్సులో గుడికి పోయొచ్చారు. పోనూ రానూ 100 నిమిషాలు. మనవాళ్లు ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం పోయొచ్చినట్టే. బస్సులోని 68 మందిలో ఒకరికి కోవిడ్ ఉంది. ఏసీ బయటి గాలిని తీసుకోకుండా లోపలి గాలినే తిప్పితిప్పి వదిలింది. మరో 23 మందికి జబ్బు అంటుకుంది, దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా. తెరుచుకునే కిటికీల పక్కన ఉన్నవాళ్లు చాలావరకు తప్పించుకున్నారు.

మన బస్సు లెక్కే చూద్దాం. కదలకుండా కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 60 మంది ఎక్కిన బస్సులో పది నిమిషాలకు 180 లీటర్లు. బస్సు లోపల పట్టే గాలి సుమారు 50,000 లీటర్లు. ఎక్కడా సందు లేకుండా మూసేస్తే ఆ పది నిమిషాల్లోనే కార్బన్ డయాక్సైడ్ 3,600 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 3,600 వంతులు) పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది దాదాపు 420 మాత్రమే. ఆ వాయువు దానంతటదే జబ్బు తేదు. కానీ అది ఎంత పెరిగితే, ఇతరులు వదిలిన ఊపిరిని మనం అంత ఎక్కువగా పీలుస్తున్నట్టు.

మనిషికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అలా అందితే లోపల కార్బన్ డయాక్సైడ్ 1,000 పీపీఎం దాటదు. కిటికీలు తెరిచి నడిచే బస్సుకు ఇది కష్టమేమీ కాదు. కానీ ఆ కిటికీలు తెరుచుకోవాలి కదా.

పల్లెవెలుగు బస్సులో అద్దాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. రెండు అద్దాలు ఒకదాని వెనక ఒకటి జరగడానికి కింద సన్నని అల్యూమినియం గాడి ఉంటుంది. ఆ గాడిలో నల్లరేగడి దుమ్ము, దూది పింజెలు, పల్లీ పొట్టు, చిరిగిన టికెట్లు వానకు తడిసి, ఎండకు ఎండి, రాయిలా గట్టిపడి ఉంటాయి. వేలు పెట్టి లాగే పిడి ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. అవ్వ ఒకామె రెండు చేతులా నెట్టినా కదలదు. ‘అది రాదులే అవ్వా’ అంటాడు కండక్టరు. ఆ అద్దం రాకపోతే ఆ వరసంతా గాలి లేకుండా ఊరు చేరాల్సిందే. గాడి శుభ్రం చేసి, పిడి బిగించి, కాస్త గ్రీజు రాస్తే తీరిపోయే పని అది.

మా సూత్రాలు

1. ముందు కిటికీ, తర్వాతే యంత్రం. పెరూ రాజధాని లీమాలోని ఆసుపత్రుల్లో కొలిచి 2007లో ప్రకటించిన లెక్క ఇది: కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకు 28 సార్లు మారింది, యంత్రాలతో గాలి మార్చే గదుల్లో 12 సార్లే. మన రాయలసీమకూ ఇది కొత్త సంగతి కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ శానిటోరియం నడిచింది. మందులు లేని ఆ రోజుల్లో ధారాళమైన గాలే చికిత్సలో పెద్ద భాగం. ఖర్చు లేని మార్గం ఉండగా ఖర్చున్న దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవడాన్ని మేం ఒప్పుకోం.

2. దగ్గే మనిషి తప్పు చేసినవాడు కాదు. మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం కొందరు రోగులకు శానిటోరియంలో, కొందరికి ఇంట్లోనే మందులిచ్చి చూసింది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకూ జబ్బు అలాగే నయమైంది, వాళ్ల ఇంటివాళ్లకు అదనంగా ముప్పేమీ రాలేదు. మందులు వేసుకునే మనిషిని బస్సు నుంచి దించడం అన్యాయం, అనవసరం కూడా. ఎవరికి జబ్బుందో వెతికే పని మాది కాదు. ఎవరెక్కినా అందరికీ భద్రంగా ఉండే గాలి కావాలని అడగడం మా పని.

3. రద్దీ కూడా గాలి సమస్యే. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత ప్రయాణాన్ని మేం మనసారా స్వాగతిస్తున్నాం. ఆడవాళ్లు పనికి, చదువుకు, ఆసుపత్రికి బయటికి రావడం ఈ ప్రాంతానికి మేలు. జనం పెరిగితే బస్సులు పెరగాలి. కిక్కిరిసిన బస్సుకు ఆడవాళ్లను తప్పుపట్టే మాటను మేం సహించం.

4. కనిపించని దాన్ని కొలిచి చూపాలి. కార్బన్ డయాక్సైడ్ మీటరు కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. 1,000 పీపీఎం లోపు మంచిది. 1,500 దాటితే వెంటనే కిటికీలు తెరవాలి. ఈ అంకెలు ప్రయాణికులకు తెలియాలి.

5. దుమ్ము సంగతి కూడా తేలాలి. కిటికీ తీస్తే దుమ్ము, లారీల పొగ లోపలికి వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది నరకం. అందుకే గుంతలు పడి దుమ్ము లేచే రోడ్డును బాగుచేయడం కూడా బస్సులో గాలిని బాగుచేయడమే. దుమ్ము పేరుతో అన్ని కిటికీలూ మూసేయడం పరిష్కారం కాదు.

మేం అడిగేవి

ఆర్టీసీ డిపోలను: ప్రతి బస్సుకూ జరిగే షెడ్యూలు మరమ్మతులో కిటికీ గాడులు, పిడులు, పైకప్పు మీది గాలిమూత తనిఖీ తప్పనిసరి చేయండి. డ్రైవరు ‘అద్దం రావడం లేదు’ అని రాసిస్తే దాన్ని బండి లోపంగా లెక్కించండి. బస్టాండులో జనం నిండి బండి ఆగి ఉన్నప్పుడు రెండు వైపులా అద్దాలు తెరిచే ఉంచండి. బండి కదలనప్పుడే గాలి ఎక్కువ చెడేది. వాన పడుతున్నా, చలి వేస్తున్నా రెండు వైపులా నాలుగు వేళ్ల సందు వదిలించండి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు, మంత్రాలయం ఆరాధనకు, దేవరగట్టు బన్ని ఉత్సవానికి అదనపు బస్సులు ముందుగానే ప్రకటించండి. డ్రైవర్లకు, కండక్టర్లకు ఏటా ఊపిరితిత్తుల పరీక్ష, అడిగినవారికి ఎన్95 మాస్కులు ఇవ్వండి.

ఏసీ బస్సులు నడిపే అందరినీ: బయటి గాలి తీసుకునే మూతను తెరిచి ఉంచండి. ఫిల్టరు ఎప్పుడు కడిగారో, ఎప్పుడు మార్చారో తేదీ రాసి ప్రయాణికులకు కనపడేలా అతికించండి. ఏసీ బోగీల్లో గాలిని గంటకు 16 నుంచి 18 సార్లు మారుస్తున్నామని రైల్వే 2020లో చెప్పింది. రైలుకు సాధ్యమైంది బస్సుకు ఎందుకు సాధ్యం కాదు? ఇకపై కొనే ఏసీ ఎలక్ట్రిక్ బస్సులకు బయటి గాలి ఎంత అందాలన్నది టెండరులోనే రాయండి.

ఆటో అన్నలను: వాన లేనప్పుడు రెండు వైపులా రెక్సిన్ పరదాలు చుట్టి కట్టండి. వాన పడితే ఒక వైపైనా తెరిచి ఉంచండి.

కూలీలను తీసుకుపోయే మేస్త్రీలను, జిల్లా యంత్రాంగాన్ని: సుగ్గికి పోయే కుటుంబాలను చంటిపిల్లలతో సహా పట్టా కప్పిన లారీలో రాత్రంతా కుక్కి తీసుకుపోవడం ఆగాలి. వాళ్లు ఏటా ఏ నెలలో పోతారో, ఏ ఊర్ల నుంచి పోతారో అందరికీ తెలుసు. ఆ నెలల్లో ఆ ఊర్ల నుంచే ప్రత్యేక బస్సులు నడపండి. పోయేముందు, తిరిగొచ్చాక ఊర్లోనే దగ్గు, క్షయ పరీక్షలు పెట్టండి.

మేం ఇచ్చే పూచీ

అడగడంతో సరిపెట్టం. మా వంతు మేం చేస్తాం.

దగ్గు, జలుబు ఉన్న రోజు మాస్కు పెట్టుకునే బస్సెక్కుతాం. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే ప్రభుత్వాసుపత్రికి పోయి కఫం పరీక్ష చేయించుకుంటాం. అది ఉచితం. క్షయ అని తేలితే మందులూ ఉచితమే. పైగా 2024 నవంబరు నుంచి చికిత్స సాగినన్నాళ్లూ నెలకు 1,000 రూపాయలు పోషకాహారానికి అందుతున్నాయి. ఈ సంగతి తెలియని పక్క సీటువాళ్లకు చెబుతాం.

బస్సులో ఉమ్మం. దగ్గే మనిషిని ఫోనుతో వీడియో తీయం, తీయనివ్వం. చంటిబిడ్డ తల్లో, ముసలాయనో చలికి అద్దం వేయమంటే గొడవ పడం. వాళ్లను గాలి తగలని సీటులోకి మార్చి అద్దం తెరిచే ఉంచుతాం. ‘అన్నా, రెండు అద్దాలు తీద్దాం’ అని నెమ్మదిగా అడుగుతాం. చాలాసార్లు ఆ ఒక్క మాట చాలు.

ఎలా ముందుకు పోతాం

మా మొదటి పని తెరుచుకోని అద్దాల లెక్క తీయడం. ఎక్కిన ప్రతి బస్సులో బండి నంబరు, రాని అద్దం పక్కనున్న సీటు నంబరు రాసుకుంటాం. ఆ జాబితాను నెలకోసారి ఆదోని, ఎమ్మిగనూరు డిపోల్లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకుంటాం. బాగుచేసిన వాటిని బాగుచేశారని, చేయని వాటిని చేయలేదని బస్టాండులో అందరికీ కనపడేలా రాసి పెడతాం. పనిచేసిన మెకానిక్కులకు నలుగురిలో కృతజ్ఞత చెబుతాం. చందాలు వేసుకుని మీటరు కొని, దారి దారిలో కొలిచి, వచ్చిన అంకెలను దాచకుండా బయటపెడతాం.

ఏ పార్టీ జెండా కిందా మేం నిలబడం. ఏ పార్టీవారు సంతకం పెట్టినా కాదనం. కర్నూలు దాకా, గుంతకల్లు దాకా ఏ ఊరివాళ్లైనా ఈ ప్రణాళికను తమదిగా తీసుకోవచ్చు, తమ దారికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

చలి మొదలైతే అద్దాలు మూతపడతాయి, దగ్గులు పెరుగుతాయి. ఆలోపే ఈ దారుల్లో తిరిగే ప్రతి బస్సుకూ ప్రతి అద్దమూ తెరుచుకోవాలి. అది మా మొదటి గడువు. అప్పటికీ కాకపోతే అయ్యేదాకా అడుగుతూనే ఉంటాం.